చలికి మొరాయించే పాత పికప్: పంపు విప్పేముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది చింతపల్లి దగ్గర ఊరు. 2009 మోడల్ బొలెరో పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సంతల్లో రాజ్‌మా, అల్లం, పసుపు ఎత్తుకుని నర్సీపట్నంలో దింపుతాను. తిరిగొచ్చేటప్పుడు సిమెంటో, కిరాణా సరుకో వేసుకొస్తాను. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే స్టార్ట్ కాదు. పది పన్నెండు సార్లు సెల్ఫ్ కొడితే తెల్లపొగ వదిలి అప్పుడు అందుకుంటుంది. లోడుతో ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. దిగేటప్పుడు బ్రేకు పెడల్ లోపలికి దిగిపోతోంది. డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, ఇంజిన్ హెడ్డు అన్నీ విప్పాలి, నలభై వేల దాకా అవుతుందని మెకానిక్ అంటున్నారు. పానాలు పట్టడం నాకు వచ్చు. ఇంటి దగ్గర చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, చాలానే ఉంది. కానీ మీరు చివర రాసిన బ్రేకు సంగతితోనే మొదలుపెట్టాలి. స్టార్ట్ కాని బండి ఇంటి ముందే ఆగుతుంది, బ్రేకు లేని బండి లంబసింగి మలుపుల్లో ఆగదు. అది సరయ్యేదాకా లోడుతో ఘాట్ దిగకండి.

పెడల్ ఎలా దిగుతోందో గమనిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఇంటి దగ్గర ఇంజిన్ ఆన్ చేసి, పెడల్ మీద కాలు గట్టిగా ఆనించి అర నిమిషం ఉంచండి. మెల్లమెల్లగా కిందికి జారుతుంటే, బయట ఎక్కడా తడి కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను లైన్లోకి నెట్టే భాగం) లోపలి రబ్బర్లు అరిగాయి. ఒకసారి తొక్కితే లోతుగా పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తే, వెనక డ్రమ్ముల్లో షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగింది, లేదా లైన్లో గాలి ఉంది. ఇంటి దగ్గర అంతా బాగుండి, ఘాట్ సగం దిగాకే మెత్తబడి, బండి చల్లారాక మళ్లీ మామూలైతే, బ్రేకు ఆయిల్ మరుగుతోందన్నమాట. మీరు రాసిన దాన్ని బట్టి మాకు ఈ మూడోదాని మీదే అనుమానం.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. తేమ పట్టాక అవే 140కి, 155కి పడిపోతాయి. లోడుతో పది పన్నెండు కిలోమీటర్లు బ్రేకు మీదే దిగితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే లైన్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ ఆ బుడగల్ని నొక్కడంతోనే సరిపోతుంది, చక్రం దాకా బలం పోదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చాలి. ఆయిల్ టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటే, ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే, ఇప్పుడే మార్చండి. మాస్టర్ సిలిండర్ మీద ఉండే ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో 4 అని ఉందో చూసి, సీలు తీయని లీటరు డబ్బా కొనండి. ఇంజిన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

ఆయిల్ మార్చి, లైన్లో ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం దగ్గర గాలి వదిలే నిప్పుల్‌కు సన్నని పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేకు ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పైన కూర్చున్న మనిషి పెడల్ తొక్కి పట్టాలి. మీరు నిప్పుల్ అర చుట్టు వదిలి, ఆయిల్ రాగానే బిగించాలి. బిగించాకే ఆయన కాలు తీయాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ట్యూబులో బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు కనిపించేదాకా ఒక్కో చక్రానికి పది పదిహేను సార్లు చేయాల్సి వస్తుంది. పైన డబ్బా ఖాళీ కానివ్వొద్దు, అయితే మళ్లీ మొదటికొస్తారు. వెనక ఇరుసుకు కడ్డీతో కలిపిన వాల్వు ఉంటే, లోడును బట్టి వెనక బ్రేకుకు ఒత్తిడి పంచేది అదే. జాకీ మీద లేపి ఎయిర్ తీస్తే బండి ఖాళీగా ఉందనుకుని అది ఆయిల్‌ను సరిగా వదలదు. అందుకని చక్రాలు నేల మీదే ఉంచి చేయండి.

వెనక డ్రమ్ములు మాత్రం విప్పి చూడాల్సిందే. విప్పేముందు ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి, జాకీ ఎత్తాక ఛాసిస్ కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. లోపలి దుమ్మును నోటితోనో, గాలితోనో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. షూలను డ్రమ్ముకు నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో ఎత్తితే లోపల తడి ఉందంటే అది కారుతోంది. లైనింగు మీద నల్లటి జిడ్డు, గంధకం లాంటి వాసన ఉంటే అది బ్రేకు ఆయిల్ కాదు, డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) నుంచి హబ్ సీలు దాటొచ్చిన గేరాయిల్. సీలు మార్చకుండా లైనింగు మారిస్తే నెలలో మళ్లీ తడుస్తుంది. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి వాడొద్దు. రెండు వైపులా ఒకేసారి మార్చండి, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది.

దిగే పద్ధతి కూడా చూసుకోండి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతుందో దిగేటప్పుడూ అదే గేరు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడవడం, తాళం ఆపేయడం ప్రాణాంతకం. ఇంజిన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది. బ్రేకుకు బలం కలిపే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ఇక స్టార్టింగ్. మీరు రాసిన తెల్లపొగే ఇక్కడ పెద్ద ఆధారం. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగ గొట్టంలోంచి ఏమీ రాకపోతే డీజిల్ సిలిండర్‌కు చేరడం లేదని అర్థం. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ చేరుతోంది గానీ అంటుకోవడం లేదు. అంటుకోవాలంటే లోపల గాలి బాగా నొక్కుకుని వేడెక్కాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి రాదు. కాబట్టి మొదటి కొన్ని సెల్ఫులకు పొగ అసలు రావడం లేదా, మొదటి సెల్ఫ్ నుంచే తెల్లగా వస్తోందా అన్నది రేపు పొద్దున ఒక మనిషిని వెనక నిలబెట్టి చూడండి. మొదటిదైతే లైన్లో గాలి, డీజిల్ వెనక్కి దిగిపోవడం. రెండోదైతే బ్యాటరీ, సెల్ఫ్, చలిలో స్టార్టింగుకు వేడి ఇచ్చే హీటర్, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే బలం). రెండు జబ్బులూ కలిసి ఉండటం కూడా పాత బళ్లలో మామూలే.

గాలి సంగతి తేల్చడానికి రూపాయి ఖర్చు లేదు. ఈ రాత్రి బండిని ముక్కు పల్లానికి ఉండేలా నిలపండి, మీ వైపు వాలుకు కొదవ లేదు. రివర్స్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల ముందు రాళ్లు పెట్టండి. ట్యాంకు ఇంజిన్ కంటే ఎత్తులోకి వస్తుంది కాబట్టి డీజిల్ వెనక్కి దిగదు. పొద్దున చప్పున అందుకుంటే దొంగ దొరికినట్టే. రెండో పరీక్ష: ఇంకో రోజు, చదునులో నిలిపి, సెల్ఫ్ కొట్టకముందే డీజిల్ ఫిల్టర్ దగ్గరి హ్యాండ్ పంపు నొక్కండి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే లైను నిండుగా ఉంది. పదిహేను ఇరవై సార్లు మెత్తగా దిగి, ఆ తర్వాత గట్టిపడి, బండి వెంటనే స్టార్ట్ అయితే రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది.

అలా జారాలంటే గాలి ఎక్కడో లోపలికి రావాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైన్లో లాగుడు ఉంటుంది, తోపుడు కాదు. కాబట్టి లీకు ఉన్నా చుక్క బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఎక్కడా తడి లేదు కదా అని చాలామంది పంపు మీద అనుమానపడేది ఇక్కడే. ఎండిపోయి పగుళ్లిచ్చిన రబ్బరు పైపులు, వదులైన క్లిప్పులు, ఫిల్టర్ మార్చినప్పుడు మడతపడ్డ రబ్బరు రింగు, హ్యాండ్ పంపు అడుగున సీలు, పైపుల కొసల్లో రంధ్రం ఉన్న బోల్టుకు అటూ ఇటూ వేసే రాగి వాషర్లు, నాజిళ్ల మీది రిటర్న్ పైపులు వరసగా చూడండి. రబ్బరు పైపుల్ని డీజిల్‌కు పనికొచ్చే రకంతోనే మార్చండి, నీళ్ల పైపు నెలలోనే ఉబ్బుతుంది. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, గీతలు లేకుండా రుద్ది వాడుకోవచ్చు. ఎక్కడ నుంచో తెలియకపోతే, పంపులోకి వెళ్లే పైపు స్థానంలో ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు తాత్కాలికంగా పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బుడగలు చూడండి. ఒక్కో జాయింటూ బిగిస్తూ పోతే ఏది బిగించినప్పుడు బుడగలు ఆగాయో అదే.

లైను విప్పాక ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ రెండు చుట్లు వదిలి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ వస్తుండగానే బిగించండి. పంపు మీది స్క్రూ దగ్గరా అంతే. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. ఇంకొక సంగతి: ఇది పంపు నుంచి నాలుగు నాజిళ్లకూ నాలుగు విడి ఇనుప పైపులు వెళ్లే బండికి మాత్రమే. పంపు నుంచి ఒక లావు గొట్టానికి వెళ్లి, ప్రతి నాజిల్ నెత్తిన కరెంటు వైరు ఉంటే అది కామన్ రైల్. దాని నట్లు ఇంటి దగ్గర వదలనే వద్దు, అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది.

ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి పావు గ్లాసు గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీళ్లు విడిగా కనిపిస్తే నీళ్లు పోయేదాకా వదలండి. లంబసింగి చుట్టుపక్కల చలి నాలుగైదు డిగ్రీలకు దిగే రోజుల్లో డీజిల్‌లోని మైనం సన్నని రవ్వలుగా గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసే అవకాశమూ ఉంది. స్టార్ట్ అయి రెండు మూడు నిమిషాలకు ఆగిపోతే, ఎండ ఎక్కాక బాగా నడిస్తే, కారణం అదే. వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఫిల్టర్‌కు చుట్టండి, చాలు. ట్యాంకు కింద మంట పెట్టడం, ఎయిర్ ఫిల్టర్ దగ్గర గుడ్డ కాల్చి పట్టడం మానుకోండి. కిరోసిన్ కలపొద్దు. పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన, కిరోసిన్‌కు ఆ జిగురు లేదు.

బ్యాటరీని కొలవడానికి చవక మల్టీమీటర్ చాలు. రాత్రంతా నిలిచాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉంది, 12.0 ఉంటే ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ చూడాలి. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్ తీగ మీద అనుమానం పెట్టుకోండి. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ దిమ్మెకు, రెండోదాన్ని ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే తీగ బోల్టు దగ్గర తుప్పు ఉంది. విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే పాత సెల్ఫ్ కొత్తదానిలా తిరగడం చూస్తారు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. అందుకే మన్యంలో తిరిగే బండికి 20డబ్ల్యూ-40 ఆయిల్ కంటే చలిలో పలచగా ఉండే 15డబ్ల్యూ-40 మేలు. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు బొమ్మ దీపం ఉంటే ఇంజిన్‌కు హీటర్ ఉన్నట్టు. ఆ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. హీటర్ ప్లగ్గులుంటే వైరు తీసి ఓమ్స్‌లో కొలవండి, రెండు ఓములలోపు రాకుండా అసలు ఏమీ చూపకపోతే ఆ ప్లగ్గు పోయినట్టు.

వేడెక్కడం దగ్గరికి వద్దాం. రేడియేటర్‌లో ఏం నీళ్లు పోస్తున్నారో మీరు రాయలేదు. వాగు నీళ్లో బోరు నీళ్లో అయితే సగం జవాబు అక్కడే ఉంది. ఉప్పు, మట్టి గొట్టాల్లో పొరకట్టి వేడిని బయటికి పోనివ్వవు. మూడు వేల అడుగుల ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్‌ది అయి, దాని రబ్బరు బాగుంటే అవే నీళ్లు 117 దాకా మరగవు. అంటే చిన్న మూత చెడినా చాలు, ఘాట్ మీద బండి పొంగుతుంది. ముందు మూత మార్చండి. చల్లారిన బండికే మూత తీయండి.

తర్వాత రేడియేటర్ బయటి వైపు. సంతల దుమ్ము, పొట్టు, పురుగులు రేకుల మధ్య చిక్కుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు వచ్చేలా, మెత్తని ధారతో కడగండి. గట్టి ధార కొడితే రేకులు వంగి దారి మూసుకుపోతుంది. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10–12 మిల్లీమీటర్లు దిగాలి, అంతకన్నా దిగితే జారుతోంది.

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. మన దగ్గర చాలా బళ్లకు దాన్ని పీకి పారేస్తారు. అది పెద్ద పొరపాటు. అది లేకపోతే పొద్దున ఇంజిన్ ఎంతకీ వేడెక్కదు. కొన్ని ఇంజిన్లలో పక్కదారి తెరిచే ఉండిపోయి నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే తిరుగుతాయి, దాంతో ఘాట్ మీద ఇంకా వేడెక్కుతుంది. ఉన్నదాన్ని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 82కు అటూ ఇటూ, తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరవాలి.

కడిగి కూలెంట్ నింపే పని ఒక పూట పడుతుంది. రేడియేటర్ అడుగు కొళాయి, ఇంజిన్ బ్లాకు పక్క బోల్టు రెండూ తీసి ఖాళీ చేయండి. మంచినీళ్లు నింపి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక వదలండి. తేటనీళ్లు వచ్చేదాకా ఇలా చేసి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. ఆసిడ్ మాత్రం వాడొద్దు. బ్లాకు మూలల్లో కొన్ని నీళ్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి. అందుకే సగం సగం కలిపి పోస్తే పలచనవుతుంది. బండి పుస్తకంలో ఉన్న మొత్తం కొలతలో సగం లీటర్లు చిక్కటి కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుకు ఉండాలి, గాలి మూత దగ్గరికి వచ్చి బయటపడుతుంది. వదిలిన పాత కూలెంట్‌ను నేల మీద పోయొద్దు. అది తియ్యగా ఉండే విషం, మేకలు, కుక్కలు నాకుతాయి.

హెడ్డు విప్పాలా వద్దా అన్నది ఇంతా అయ్యాకే. పొద్దున చల్లని ఇంజిన్‌కు మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపి స్టార్ట్ చేయండి. మొదట కొన్ని బుడగలు వచ్చి ఆగిపోతే అది చిక్కుకున్న గాలి. సన్నని బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇస్తే పెరిగితే, సిలిండర్ లోపలి గ్యాసు నీళ్లలోకి వస్తోంది, హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయింది. చల్లగా స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పై పైపు రాయిలా గట్టిపడినా అదే అర్థం. ఇంజిన్ ఆయిల్ కొలిచే గేజీ కడ్డీ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఇక బండి తిప్పొద్దు. ఇవేవీ లేకపోతే హెడ్డు విప్పనివ్వకండి. ఎక్కువ లోడు వేస్తున్నారేమో కూడా చూసుకోండి. ఆర్సీలో లోడుతో ఉన్న బరువు, ఖాళీ బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ తేడాలోనే మీరు, మీ క్లీనరు, సరుకు అంతా ఇమడాలి. ఇరవై సిమెంటు బస్తాలంటేనే టన్ను.

బ్యాటరీ, గాలి, హీటర్ మూడూ సరిచేశాక కూడా మొదటి సెల్ఫ్ నుంచే తెల్లపొగ వస్తుంటే అప్పుడు ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) గ్యాప్, కంప్రెషన్ చూపించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదిలి చూస్తే, పొగ గుప్పుగుప్పున కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. అలాంటి ఇంజిన్‌కు పంపు చేయించినా డబ్బు దండగే.

కంప్రెషన్ బాగుంటే నాజిళ్లు ఒక్కటే విప్పి, టెస్టింగ్ మెషీన్ ఉన్న పంపు షాపుకు మీరే తీసుకెళ్లి ఎదురుగా పెట్టించండి. నాలుగూ దాదాపు ఒకే ఒత్తిడి దగ్గర తెరవాలి, డీజిల్ మంచులా చిమ్మాలి, ధారలా కారకూడదు. తెరిచే ఒత్తిడికి కొంచెం తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచితే కొసన చుక్క వేలాడకూడదు. తిరిగి బిగించేటప్పుడు నాజిల్ కింద కొత్త రాగి వాషర్ వేయించండి, పాతది అడుగునే అతుక్కుని ఉండిపోలేదని టార్చి వేసి చూడండి. ఈ నాజిళ్ల టెస్టు చూడకుండా పంపు మాత్రం దించనివ్వకండి.